కట్ట కనిపించని చెరువు

మన పత్రికల్లో ఇటీవల ఒక తరహా రచన విరివిగా వస్తున్నది. దానికి వస్తువు ఒకటే: కొండల నడుమ ఒక చెరువు, దాని చుట్టూ అడవి, ఒడ్డున రచయిత. రచయిత పట్నంలో అలసిపోయి అక్కడికి వస్తాడు. నీళ్లు నిశ్చలంగా వుంటాయి. ఎక్కడో ఒక పిట్ట కూస్తుంది. రచయితకు తానెవరో జ్ఞాపకం వస్తుంది, లేదా తానెవరో మరచిపోతాడు. రెండింటిలో ఏది జరిగినా ఫలితం ఒకటే. వ్యాసం ముగుస్తుంది, రచయిత పొద్దుగూకే వేళకు కారెక్కి పట్నానికి తిరిగి వస్తాడు.

అలాంటి వ్యాసం ఒకటి నా మిత్రుడు రాశారు. ఆయన సహృదయుడు, నాకంటె మంచి పాఠకుడు. పేరు చెప్పి నొప్పించడం నా ఉద్దేశం కాదు. మైలవరం కొండల్లో తాను చూసిన ఒక చెరువును వర్ణిస్తూ ఆయన దానిని "మనిషి చెయ్యి పడని చోటు" అన్నారు. అక్కడి నిశ్శబ్దం "అనాది" అన్నారు. ఈ రెండు మాటల మీదనే నా తగాదా. రెండూ నిజం కాదని నా వాదం. ఆయన తెలిసి ఆడిన అబద్ధాలు కావవి. నూరేళ్లుగా తెలుగులో మనం ప్రకృతిని చూడడానికి అలవాటుపడిన పద్ధతే ఆయన చేత ఆ మాటలు అనిపించింది. కనుక తప్పు ఆయన ఒక్కరిదీ కాదు.

నేను విజయవాడ సింగ్‌నగర్‌లో వుంటాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. తెల్లవారేసరికి గడప దగ్గరవున్న నీళ్లు మధ్యాహ్నానికి కిటికీ ఊచలు అందుకున్నాయి. నాలుగు రోజులు ఎదురింటివాళ్ల మేడమీద వున్నాం. నీళ్లు తీసిన తరువాత ఇంట్లోకి వెళ్లి చూస్తే, నలభై యేళ్లుగా దాచుకున్న పత్రికల సంపుటాలు నానిపోయి, ఉబ్బి, బీరువా తలుపులను తన్నుకుని బయటికి వచ్చివున్నాయి. వాటిని పారతో ఎత్తి వీధిలో పోశాను. మా వీధిలో నాకంటె ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఇంటికొకరున్నారు గనుక ఆ సంగతి విస్తరించను. కొంతకాలానికి నా మిత్రుడు వచ్చి, "మాస్టారూ, మీకిప్పుడు నీళ్లంటేనే భయం పట్టుకుంది. రండి, నీళ్లు ఎంత ప్రశాంతంగా వుంటాయో మీకు చూపిస్తాను" అన్నారు. ఆయన ప్రేమతో అన్న మాట అది. వెళ్లాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దాటి, కొండపల్లి దాటి, జి.కొండూరు మీదుగా మైలవరం చేరాం. దారిపొడుగునా కంకర లారీలు మాకు ఎదురు వస్తూనే వున్నాయి. మైలవరం దాటిన తరువాత రోడ్డు విడిచి, జామాయిల్ తోటల మధ్య బండిదారిన కొంత దూరం పోయి, అక్కడనుంచి నడిచాం. అడవి అంచు వచ్చింది. పొదలు తప్పించుకుని ఒక మిట్ట ఎక్కేసరికి చెరువు కనిపించింది.

అది అందంగా వున్నది. ఇది ఒప్పుకోకుండా నేను వాదానికి దిగను. మూడు వైపులా కొండలు. కొండల మీద అడవి నీళ్లదాకా దిగివచ్చింది. అవతలి ఒడ్డున ఒక తెల్లకొంగ కాలెత్తి నిలబడివుంది. ఆకాశం మొత్తం నీళ్లలో వున్నది. మేం నిలబడిన మిట్టమీద వరుసగా తుమ్మలు, మధ్యలో ఒక రావి. వాటి నీడ నీళ్లమీదికి వాలింది. మిత్రుడు ఆ చెట్లకు ఫొటో తీశారు. ఆయన వ్యాసంతోపాటు అచ్చయిన బొమ్మ కూడా ఆ చెట్లదే.

"చూశారా మాస్టారూ! మనిషి లేకపోతే లోకం ఇలా వుండేది" అన్నారాయన.

"మనం నిలబడింది దేనిమీదండీ?" అన్నాను.

"గట్టుమీద."

"ఈ గట్టు ఎవరు వేశారు?"

ఆయన నవ్వారు. "మీ అభ్యుదయం ఇక్కడికి కూడా వచ్చిందా?" అన్నారు.

అభ్యుదయం రాలేదు గాని, మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. ఆయనను అడిగితే సమాధానం సులభంగానే దొరికింది. "మా నాయనమ్మ మోసింది బాబూ ఈ మట్టి. కరువు కాలంలోనంట. తట్టకి ఇన్నని గవ్వలిచ్చేవాళ్లంట. పొద్దుగూకినాక గవ్వలు లెక్కబెట్టి జొన్నలు కొలిచేవాళ్లంట." తరువాత ఆయన నా మిత్రుడు ఫొటో తీసిన చెట్లవైపు చెయ్యి చూపాడు. "ఈ చెట్లు కొట్టెయ్యాలి బాబూ. వేళ్లు కట్టలోకి దిగినయ్యి. వేరు చచ్చిందంటే అక్కడ బొక్క పడుద్ది. నీళ్లు ఆ బొక్క పట్టుకుంటయ్యి. చెబితే వినేవోళ్లు లేరు."

పాఠకులు ఈ సన్నివేశాన్ని కొంచెం నిదానంగా చూడవలసిందిగా కోరుతున్నాను. ఒకే చెట్టును ఇద్దరు చూశారు. ఒకరికి అది అనాది సౌందర్యానికి గుర్తు. ఇంకొకరికి అది కట్ట తెగబోతున్నదనడానికి గుర్తు. ఇద్దరిలో చెరువును చూసిందెవరు?

కట్టలేని చెరువు తెలుగుదేశంలో అరుదు. మంచుకొండలు కరిగి నిండే సరస్సులు మనకు లేవు. మన వాన మూడు నాలుగు నెలల వాన. మన కొండలమీద పడ్డ నీరు నిలవదు, వాగై పారిపోతుంది. పారిపోయే వాగుకు అడ్డంగా, రెండు కొండల సందున, మనిషి మట్టిపోసి రాయి పేర్చితే అది చెరువయింది. ఈనాడు విహారయాత్రల ప్రకటనల్లో "అడవి ఒడిలో సరస్సు" అని కనిపించే పేర్లు వరుసగా తీసుకోండి. పాకాల, రామప్ప, లక్నవరం మూడూ కాకతీయుల కాలపు చెరువులు. రామప్ప గుడిని 1213లో కట్టించిన రేచర్ల రుద్రుడే ఆ చెరువునూ తవ్వించాడు. కంభం చెరువు గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల సందున కట్టపోసి విజయనగరం కాలంలో నిలిపింది. వీటిలో ఒక్కటి కూడా ప్రకృతి పెట్టిన భిక్ష కాదు. వందల సంవత్సరాలు నిలబడిన మనిషి పనితనం. పని ఎంత బాగా జరిగిందంటే, పని జరిగిందన్న సంగతే మనం మరచిపోయాం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర ఒక శాసనం వుంది. 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనం. అందులో మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలు చెప్పారు: ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, తియ్యని నీళ్ల యేరు, కొండ, కొండల మధ్య మరీ పొడుగు కాని గట్టి రాతికట్ట, దగ్గరలో రాతిగని, ఇలా చెప్పుకుంటూ వచ్చి పన్నెండవ సాధనంగా కట్టుబడి పని తెలిసిన మనుషుల గుంపు అన్నారు. తరువాత ఆరు దోషాలు చెప్పారు. వాటిలో కట్టనుంచి నీళ్లు ఊరడం ఒకటి. మైలవరం ముసలాయన చెప్పిన మాటా అదే. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పనిచేశాయని కూడా శాసనం లెక్క చెప్పింది. రాజు పేరుంది, రాజవంశం పొగడ్త వుంది, వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. అది భూస్వామ్యయుగపు శాసనం. అంతకంటె మనం ఆశించలేము. అయినా, కూలీలు వెయ్యిమంది అన్న సంగతి చెప్పవలసిందేనని ఆ శాసనం రాసినవాడికి తోచింది. ఆరువందల యాభై యేళ్ల తరువాత, ప్రజాస్వామ్యంలో పుట్టిన మన వచన రచయితకు ఆ మాత్రం కూడా తోచలేదు. "మనిషి చెయ్యి పడని చోటు" అని రాశాడు. ఇది పురోగమనమా, తిరోగమనమా?

ఆ వెయ్యిమంది ఎవరు? మన పల్లెల్లో మట్టిపని చేసింది ఉప్పరులు, రాతిపని చేసింది ఒడ్డెరలు, వాళ్లతో తట్ట మోసింది మాలమాదిగ కూలీలు, వాళ్ల ఆడవాళ్లు. కట్ట వేయడంతో వాళ్ల పని తీరలేదు. ఏటా పూడిక తీయాలి, గండ్లు పూడ్చాలి, తూము చూసుకోవాలి. దీనికి కుడిమరామతు అని పేరు. ఊరందరి మేలుకోసం ఊరు కలిసి చేసుకునే పని అని దానిని ముచ్చటగా వర్ణించినవాళ్లున్నారు. కాని 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం చేసింది. కట్ట తెగే ఆపద వచ్చినప్పుడు కూలిచేసే కులాల మగవాళ్లను పనికి రప్పించవచ్చు, రానివాళ్లను శిక్షించవచ్చు. ముచ్చటైన సహకారానికి శిక్షాచట్టం దేనికి? మన చెరువుల నిశ్చల జలాల కింద వున్న పునాదిరాళ్లలో ఆ చట్టం కూడా ఒక రాయి.

మైలవరం ప్రాంతానికి ఇది పాతకథ మాత్రమే కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కృష్ణ నీళ్లు డెల్టాకు పోయాయి. డెల్టాలో వరి, వరివెంట డబ్బు, డబ్బువెంట బడులు, అచ్చాఫీసులు, నాటక సమాజాలు, చివరకు మన ఆధునిక సాహిత్యంలో సగం పుట్టాయి. ఆనకట్టకు ఎగువనున్న మెట్ట నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం, తిరువూరు వానమీద, చెరువుమీద ఆధారపడి మిగిలిపోయాయి. మైలవరం జమీందారీ గ్రామం. నాటక సమాజాన్ని పోషించి ఆంధ్రదేశమంతటా పేరు తెచ్చుకున్న సంస్థానం. రంగస్థల చరిత్రలో ఆ పేరు పదిలంగా వుంది. అది న్యాయమే. ఆ నాటకాల తెరలకు, కిరీటాలకు శిస్తు కట్టిన రైతుల పేర్లు ఏ చరిత్రలో వున్నాయి? 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఎడమకాలువ మెట్టకు ఆశ చూపింది. ఈ తాలూకాలు కాలువ చివరలో వున్నాయి. కాలువ చివరి రైతు కష్టం తెలియనివారు వుండరు. అందుచేత చిన్న చెరువు ఇక్కడ నేటికీ బతుకు. ఒకరికి విహారస్థలమైన ఆ నీళ్లు ఇంకొకరికి పశువుల దాహం, బావిలో ఊట, రెండో పంట.

ఇక అడవి నిశ్శబ్దం సంగతి. ఆ నిశ్శబ్దానికి కూడా తేదీ వుంది. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. ప్రభుత్వం గీత గీసి, ఇది రిజర్వు అన్నది. గీతకు లోపల పశువును మేపినవాడు, పుల్ల విరిచినవాడు, ఆకు కోసినవాడు ఆనాటినుంచి నేరస్థుడు. అంతకుముందు ఆ అడవిలో గొడ్డలి చప్పుడు వుండేది, మేకల మెడగంటలుండేవి, కట్టెలమోపు దించుకుని ఊసులాడే ఆడవాళ్లుండేవాళ్లు. వాళ్లను బయటికి పంపిస్తే నిశ్శబ్దం మిగిలింది. మన్యంలో 1922–24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తుపాకి పట్టిన గిరిజనులు అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి: మా అడవి మాకు కాకుండా ఎట్లా పోయింది? ఆ ప్రశ్నను కప్పిపుచ్చిన నిశ్శబ్దాన్ని మనం "అనాది" అంటున్నాం.

ఆ నిశ్శబ్దమైనా నిజంగా వున్నదా? కొండపల్లి రిజర్వు అడవిలో అక్రమంగా గ్రావెలు తవ్వుతున్నారన్న వివాదం 2021లో పత్రికలన్నిటా నడిచింది. పుల్ల విరిచినవాడికి అడ్డం వచ్చిన గీత, లారీకి ఎందుకు అడ్డం రాలేదు? ఇది ఆ చెరువు గట్టుమీద నిలబడిన ఏ రచయితకైనా రావలసిన ప్రశ్న. మేం వెళ్లిన దారిన లారీలు మాకు ఎదురు వచ్చాయని మొదటే చెప్పాను. మిత్రుడి వ్యాసంలో ఆ దారి వుంది, మలుపులున్నాయి, మోదుగుపూలున్నాయి. లారీలు లేవు.

ఈ చూపు ఎక్కడినుంచి వచ్చింది? నిందించేముందు న్యాయం చెప్పుకోవాలి. ప్రబంధకవికి నీళ్లంటే పద్దెనిమిది వర్ణనల పట్టికలో ఒక జలక్రీడ. ఆ పట్టికను చింపి, ఒక కొండవాగు ముందు ఒంటరిగా నిలబడి తన గుండెచప్పుడు తాను విన్నవాడు భావకవి. ఆనాటికి అది తిరుగుబాటే. ఆ తిరుగుబాటు ఫలితాన్ని అనుభవించని తెలుగు రచయిత లేడు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు సమావేశమైనప్పుడు వాళ్లలో చాలామంది ఆ బడిలో చదువుకుని వచ్చినవాళ్లే. కాని ఒకనాటి తిరుగుబాటు ఇంకొకనాటికి సరుకు అవుతుంది. భావకవి ఏకాంతం సమాజంతో పేచీ పడి తెచ్చుకున్నది. నేటి విహార రచయిత ఏకాంతం సెలవురోజుకు గది అద్దెతోసహా దొరికేది.

విశ్వనాథ సత్యనారాయణగారి కిన్నెరసాని తెలుగువారందరికీ తెలుసు. భర్తమీది దుఃఖంతో ఒక స్త్రీ కరిగి వాగైందని ఆయన కల్పన. ఆ వాగు నేడెక్కడున్నది? పాల్వంచ దగ్గర దానికి అడ్డంగా జలాశయం కట్టారు. ఆ నీళ్లు కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోతాయి. జలాశయం చుట్టూ అడవిని అభయారణ్యం చేశారు. సెలవులకు జనం వచ్చి "ఆహా, ఎంత ప్రశాంతం!" అంటారు. ఆ ప్రశాంతతలో బొగ్గుగని కార్మికుడున్నాడు, మీ ఇంట్లో వెలిగే దీపం వుంది, అభయారణ్యం గీతకు లోపలా బయటా నలిగిన కోయగూడెం వుంది. కిన్నెర కథను నేటి కవి మళ్లీ చెప్పదలచుకుంటే వీళ్లందరినీ వదిలి ఎట్లా చెబుతాడు? ఇది మన ఒక్కరి సమస్య కాదు. మన భావకవులు గురువుగా తలచిన వర్డ్స్‌వర్త్ సరస్సుల సీమలోనే థిర్ల్‌మియర్ అనే సరస్సు వుంది. మాంచెస్టరు నగరానికి మంచినీళ్లకోసం అక్కడ ఆనకట్ట కట్టి, 1894 నాటికి లోయను ముంచి, ఆ సరస్సును పెంచారు. నేడు అక్కడికి వెళ్లేవారికి అది సహజంగానే కనిపిస్తుంది.

"మీ అభ్యుదయవాదులకు అందం పట్టదు. పువ్వును చూస్తే ఎరువు లెక్క అడుగుతారు" అని నా మిత్రుడు తిరుగుదారిలో అన్నారు. ఇది పాత ఆక్షేపణే. సమాధానం కొండపల్లిలోనే వుంది. ఆ ఊళ్లో బొమ్మ కొన్నప్పుడు మనం ఏమంటాం? "ఎంత పనితనం!" అంటాం. ఈ కొండల అడవిలో పెరిగే తెల్లపొణికి కర్ర తెచ్చి, ఆరబెట్టి, చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో చెయ్యీ కాలూ అతికి, రంగు వేస్తారని ఎవరైనా చెబితే బొమ్మ అందం తగ్గుతుందా? ఎవరికీ తగ్గలేదు. ఆ కర్ర దొరకడం కష్టమై పనివాళ్లు అవస్థ పడుతున్నారని తెలిస్తే బొమ్మమీద ప్రేమ పెరుగుతుంది, దానితోపాటు అడవిమీద బాధ్యత కూడా పెరుగుతుంది. బొమ్మను మెచ్చేటప్పుడు చేతిని మెచ్చినవాళ్లం, అదే కొండకింద చెరువును మెచ్చేటప్పుడు చేతిని ఎందుకు నరికివేస్తాం? బొమ్మ చేసినవాడు దుకాణంలో ఎదురుగా కూర్చునివుంటాడు. తట్ట మోసిన నాయనమ్మ లేదు. కారణం ఇంతే.

ఇక్కడ మనవైపు తప్పు కూడా చెప్పకపోతే ఈ విమర్శకు అర్హత లేదు. 1950లలో, 60లలో మనం శ్రమను చూశాం. రాయి మోసే కూలీ మన కవిత్వంలోకి వచ్చాడు. కాని ఆనకట్టను చూడగానే మనకు కూడా ఒక పరవశం పట్టింది. ఆధునిక దేవాలయాలన్న నెహ్రూ మాటను మనమూ జపించాం. నాగార్జునకొండ లోయ మునిగినప్పుడు ఇక్ష్వాకుల శిల్పాలను ఎత్తి దీవిమీద మ్యూజియంలో పెట్టారు. మంచిపని. లోయలోని మనుషులు ఎక్కడికి పోయారో మన పద్యాలు అడగలేదు. 1981లో శ్రీశైలం జలాశయంకోసం వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు కూడా మన గొంతు రావలసినంత గట్టిగా రాలేదు. భావకవి కట్టను చూడలేదు. మనం కట్టను చూసి మునిగిన ఊరును చూడలేదు. ఇద్దరికీ నీళ్లు అడ్డువచ్చాయి.

ఇదంతా సాహిత్య చర్చే అయితే నేనింత పట్టుదలగా రాయను. చూపులోని తప్పుకు వీధిలో వున్నవాళ్లు మూల్యం చెల్లిస్తారు.

మా ఇంటిని ముంచిన బుడమేరు ఎక్కడ పుడుతుంది? ఆ రోజు నా మిత్రుడు ప్రశాంతత చూపించడానికి నన్ను తీసుకుపోయిన మైలవరం కొండల్లోనే. ఆ కొండలమీద పడ్డ వాన చెరువుల్లో కొంత నిలిచి, మిగతాది వాగులై బుడమేరులో కలిసి, విజయవాడ పక్కగా పారి కొల్లేరు చేరుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, వరదను కృష్ణలోకి మళ్లించడానికి కాలువ తవ్వారు. 2005లోనూ బుడమేరు ఊళ్లను ముంచింది. 2024 ఆగస్టు చివర వాన కుండపోతగా పడ్డది. అదే సమయానికి కృష్ణ కూడా నిండుగా వచ్చింది. ప్రకాశం బారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి, అంతకుముందెన్నడూ చూడని వరద. మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్లు ఎత్తారు. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావలసివచ్చింది.

మునిగిన పేటల పేర్లు మరొకసారి చదవండి. వాటిలో వుండేది రిక్షా తొక్కి, ఆటో నడిపి, ఇళ్లలో పాచిపని చేసి, తాపీపని చేసి బతికేవాళ్లు. యేటి పల్లంలో నేల చవక గనుక అక్కడ ఇల్లు వేసుకున్నవాళ్లు. నీళ్లు తీసిన తరువాత సభల్లో, రాతల్లో వినిపించిన మాట ఏమిటి? "ప్రకృతి ప్రకోపం." ఎగువన కొండల్లో మనం చూసినది ప్రకృతి ప్రశాంతత, దిగువన పేటల్లో పడినది ప్రకృతి ప్రకోపం. రెండూ ఒక తల్లి బిడ్డలే. రెండింటిలోనూ మనిషి లేడు. కట్టవేసిన మనిషి లేడు, కట్టను పట్టించుకోని మనిషి లేడు, అడవి కొట్టినవాడు లేడు, కొండ తవ్వినవాడు లేడు, యేటికి అడ్డంగా స్థలాలు వేసి అమ్మినవాడు లేడు. ప్రశాంతతకు కర్త లేకపోతే ప్రకోపానికీ కర్త వుండడు. కర్త లేని క్రియకు బాధ్యత ఎవరిని అడుగుతాం? ఆ తరహా వ్యాసాలవల్ల ఎవరికి మేలో ఇప్పుడు తెలుస్తున్నదా? రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. మేలు పొందేవాళ్లకు బాగా తెలుసు.

నేను రచయితలను అడవికి పోవద్దనడం లేదు. పొండి. కొంగను చూడండి, నీళ్లలో ఆకాశాన్ని చూడండి, అలసటా తీర్చుకోండి. విశ్రాంతి కూడా పోరాడి తెచ్చుకున్న హక్కే. అయితే చెరువు దగ్గరికి పోయినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. నేను నిలబడినది దేనిమీద? ఇక్కడ వినిపించకుండా పోయిన గొంతులు ఎవరివి? ఈ నీళ్లు ఇక్కడినుంచి ఎవరి ఇంటికి పోతాయి? ఈ మూడింటికి జవాబు వెతికిన తరువాత కూడా మీకు నిశ్శబ్దం మిగిలితే, దానిని గురించి రాయండి. అది మేము కూడా చదువుతాం.

నా మిత్రుడు ఈ వ్యాసాన్ని అచ్చుకు ముందే చదివారు. చాలాచోట్ల ఒప్పుకోలేదు. భావకవులమీద నేను రాసినది తొందరపాటన్నారు. తరువాత, "వానలు రాకముందు ఆ చెట్ల సంగతి ఎవరితో చెబితే జరుగుతుందంటారు?" అని అడిగారు. ఆ ఊరి ఆయకట్టు రైతుల పేర్లు కనుక్కుంటున్నాం. అర్జీ ఆయనే రాస్తానన్నారు. తన వ్యాసంలోని బొమ్మను దానికి జతచేస్తామన్నారు. తుమ్మలు కట్టమీద ఎంత దూరం పాకాయో అందులో చక్కగా కనిపిస్తుంది.